ఎదురుగా కూర్చుంటే పడ్డ ఓట్లు

గవర్నరుకు ఎన్నిక ఉంటుందని నాకు ఒమాన్ వెళ్ళాకే తెలిసింది. అప్పటిదాకా నా దృష్టిలో గవర్నరంటే ఢిల్లీ వాళ్ళు పంపిస్తే వచ్చి, రాజ్‌భవన్‌లో దిగి, జనవరి ఇరవై ఆరున జెండా ఎగరేసే పెద్దమనిషి. ఆయన కోసం గోడల మీద రాతలు రాయడం, ఆయన ఇల్లిల్లూ తిరిగి దండాలు పెట్టడం నేనెన్నడూ ఊహించలేదు. అలాంటిది, వందేళ్ళ పైమాట, అమెరికాలో ఒక రాష్ట్రంలో జరిగిన గవర్నరు ఎన్నిక గురించి పేజీలకు పేజీలు టైపు చేసే యోగం నాకు పట్టింది.

అవి తొంభైల మొదటి సంవత్సరాలు. రుసైల్‌లో షెడ్లూ గోడౌన్లూ కట్టే ఒక కంపెనీలో నేను టైపిస్టును. ఆఫీసు వాళ్ళకు వేరే గది ఇస్తామని చేరిన రోజున చెప్పారు. ఇచ్చేలోపే క్యాంపులో మేస్త్రీల గది నాకు అలవాటైపోయింది. ఒకదాని మీద ఒకటి మంచాలు, గోడలో రొదపెట్టే ఏసీ, తలుపు పక్కన గ్యాస్ పొయ్యి. ఎక్కువమంది జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు. ఒక్కడు మాత్రం కడప ముస్లిం. గదిలో అందరికంటే పెద్దవాడైన మేస్త్రీని అందరూ కాకా అనేవారు. కడప కుర్రాడినేమో కాకా తమ్మీ అనేవాడు. నన్ను సారూ అనేవారు, చేతికి సిమెంటు అంటనివాడిని కాబట్టి.

మా కంపెనీ అల్ మవాలేలో కట్టిన విల్లాలో ఒక అమెరికా ఆయన అద్దెకుండేవాడు. భూగర్భజలాల ఇంజనీరు. బావులూ కాలువలూ చూడటానికి బహ్లా దాకా తిరిగేవాడు. బాత్రూమ్ పైపు కారుతోందని ఫిర్యాదు చేయడానికి ఒకరోజు మా ఆఫీసుకు వచ్చి, ఫిర్యాదు సంగతి మరిచిపోయి నా వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు. గురువారం మాకు సగం రోజే డ్యూటీ, మధ్యాహ్నం ఖాళీ. ఆ పూట తన ఇంటికొచ్చి ఒక పుస్తకం టైపు చేసిపెట్టగలవా అని అడిగాడు. ఏం పుస్తకమన్నాను. మా ముత్తాతను మోసం చేసి ఓడించిన కథ అన్నాడు. అంతే, నేను పడిపోయాను. ఎవరు, ఎక్కడ, ఎలా అని అడిగి తెలుసుకోకపోతే నాకు అన్నం సహించదు. మా ఇంట్లో వాళ్ళు దీన్ని రోగమనేవారు.

ఆయన రాత గొలుసు రాత. వారానికి ఒక అధ్యాయమే ఇచ్చేవాడు, ఎందుకంటే తర్వాతది అప్పటికింకా రాసుండేవాడు కాదు. సగం కథ చెప్పి ఆపేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ మంట ఒక్కడినే భరించలేక, శుక్రవారం గదిలో అందరూ ఉల్లిపాయలు కోస్తూ, బట్టలు ఆరేస్తూ ఉంటే, వాళ్ళకూ అంటించాను.

మొదటి రోజే కాకా అడ్డం తగిలాడు.

"గవర్నర్‌కు ఎలచ్చన్లేంది సారూ? గాయిన్ని ఢిల్లీ నుంచి తోల్తరు గద."

"అక్కడ ముఖ్యమంత్రి లాంటివాడే గవర్నరు కాకా. జనమే ఎన్నుకుంటారు."

"గట్లనా. మరి ఢిల్లీ నుంచి ఎవలు రారా?"

రారని చెప్పాను. అట్లయితే బాగానే ఉందన్నట్టు తలూపి, మళ్ళీ మోకాలికి జండూబామ్ రాసుకున్నాడు.

ఆ రాష్ట్రంలో ఆ రోజుల్లో ఓటు కాగితం అనేదే లేదు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అదే. ఓటరు కచేరీ మెట్లెక్కి వచ్చి, బల్ల ముందు నిలబడాలి. బల్ల వెనక గుమాస్తా. ఎవరికి అని అడుగుతాడు. ఇతగాడు అందరికీ వినబడేలా పేరు చెప్పాలి. పోటీచేసే మనిషి ఆ ఊళ్ళో ఉంటే బల్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తన పేరు చెప్పినప్పుడల్లా లేచి, టోపీ తీసి, కృతజ్ఞతలు చెప్పేవాడు. ఇంకో ముచ్చట కూడా ఉంది. పోటీదారు తన ఓటు తనకు వేసుకోవడం మర్యాద కాదు. ఎదుటివాడికి వేయాలి.

గదిలో దీని మీద పెద్ద రభస అయింది. ఇదేం పద్ధతి, పగలు పెరగవా అని కొందరు. మగాడన్నాక ముఖం మీద చెప్పాలి, అదే సరైందని కొందరు. కడప తమ్ముడికి మాత్రం ఎదుటివాడికి ఓటేయడం తెగ నచ్చింది.

"అది బలే ఉండాది సార్. గెలిచినా ఓడినా మొగం మొగం చూసుకోవచ్చు."

కాకాకు టోపీ తీయడం నచ్చింది. పనిలోకి పోతూ ఎవరైనా దారి ఇస్తే తన తలకు చుట్టిన తువ్వాలు తీసి, "థాంక్యూ బిడ్డా" అనేవాడు. అదొక వేళాకోళమైపోయింది.

కథలో చిక్కుముడి మూడో వారానికి వచ్చింది. ఓట్లు మూడు రోజులు చెప్పించేవారట. గుర్రం మీద తిరిగే రోజులు కాబట్టి ముత్తాత రోజుకొక కచేరీ దగ్గరే కూర్చోగలిగాడు. కూర్చున్న మూడు చోట్లా ఓట్లు కుప్పలు తెప్పలుగా పడ్డాయి. పక్క జిల్లాల్లోనూ ఆయనకు బంధువులున్నారు, ఆయన మనుషులే ఉన్నారు. అక్కడ మాత్రం చిత్తుగా ఓడిపోయాడు. ఎదుటివాడు జ్వరమొచ్చి ఇల్లు కదలనేలేదు, అయినా గవర్నరయ్యాడు. కళ్ళ ముందు అన్ని ఓట్లు పడ్డ మనిషి కనబడనిచోట ఓడాడంటే, మోసం కాక మరేమిటని ఆ కుటుంబం మునిమనవళ్ళ దాకా చెప్పుకుంటూ వచ్చింది. నాకూ అదే సబబనిపించింది. మా గది మొత్తం ముత్తాత పక్షం చేరిపోయింది.

ఆ వారంలోనే కంపెనీలో ఒక మాట పుట్టింది. మా గది వాళ్ళ గ్యాంగుకు ఒక ఛార్జ్‌హ్యాండ్‌ను పెడతారట. ఛార్జ్‌హ్యాండ్ అంటే గ్యాంగుకు పెద్ద. కింద నిలబడి పని చూసుకోవాలి, ఇంజనీరుతో మాట్లాడాలి. నిచ్చెనలు ఎక్కే పని ఉండదు. ఇద్దరిలో ఎవరైనా తనకు ఒకటేననీ, కాకానో కడపవాడో మీలో మీరు తేల్చుకుని శనివారం చెప్పమనీ సూపర్‌వైజర్ అన్నాడు.

కాకాకు ఇది ఎంత అవసరమో గదిలో అందరికీ తెలుసు. మోకాళ్ళు పోయాయి. నిచ్చెన ఎక్కితే పక్కవాటుగా, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎక్కేవాడు. పైకెక్కలేని మేస్త్రీకి మళ్ళీ వీసా కొట్టించేది లేదని సూపర్‌వైజర్ మొహాన్నే చెప్పేశాడు, గడువేమో దగ్గరపడుతోంది. ఊళ్ళో కాకా కడుతున్న ఇల్లు గోడల దగ్గర ఆగింది. ఇంకో రెండేళ్ళు ఉంటే స్లాబు పడుతుంది. ఎంతమంది ఇళ్ళకో స్లాబు పోసిన మనిషి అది. ఛార్జ్‌హ్యాండ్ అయితే ఉంటాడు, లేకపోతే ఎగ్జిట్, వీసా ముగించి ఇంటికి పంపేయడమే.

కానీ నాకు ఇంకొకటి కూడా తెలుసు. చెప్పానుగా, నాకు అడగడం రోగం. స్నానాల దగ్గర లైన్‌లో, సైట్ బస్సులో ఒక్కొక్కరినీ కదిలించాను. అందరి మాటా ఒక్కటే, కడపాయన. కిందటి ఎండల్లో సైట్‌కు చల్లనీళ్ళ డ్రమ్ము తెప్పించింది అతనే. ఒకడు కళ్ళు తిరిగి పడితే సూపర్‌వైజర్‌తో హిందీలో, డ్రైవర్‌తో అరబ్బీలో గొడవపడి క్లినిక్‌కు తీసుకెళ్ళింది అతనే. ఆ రోజు కాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాకా అంటే ప్రేమలేనివాడు ఆ గదిలో ఎవడూ లేడు. పెద్దరికానికి మాత్రం నోరున్నవాడు కావాలనుకున్నారు, అందులో తప్పేముంది.

ఓటు పెట్టుకుందామన్నది ఎవరో గుర్తులేదు. అమెరికా పద్ధతిలోనే పెట్టుకుందామన్నది మాత్రం కాకాయే. శుక్రవారం వంట సగంలో ఉండగా మొదలుపెట్టారు. ఖాళీ నూనె డబ్బా బోర్లించి నా ముందు పెట్టారు, అది కచేరీ బల్ల. నాది గ్యాంగు కాదు కాబట్టి నాకు ఓటు లేదు, నేను గుమాస్తాను. ఒక పక్క మంచం మీద కాకా, ఇంకో పక్క కడప తమ్ముడు. సినిమాకొచ్చినట్టు అందరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. నాకైతే ఈ పద్ధతి నిజంగా ఎలా ఉంటుందో కళ్ళారా చూడబోతున్నానని లోపల గంతులే.

మొదట లేచింది కాకా సొంత ఊరివాడు, ఆయన పై మంచం మీద పడుకునేవాడు. బస్సులో నా చెవిలో కడపాయనే కరెక్టు సారూ అన్నవాడు. డబ్బా ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎవరికి అన్నాను. కాకా వైపు చూశాడు. కాకా అప్పుడే మోకాలి మీద నుంచి చెయ్యి తీసి, తువ్వాలు సర్దుకుంటున్నాడు.

"కాకాకే" అన్నాడు.

కాకా మంచం కోడు పట్టుకుని లేచి, తువ్వాలు తీసి, "సల్లగుండు బిడ్డా" అన్నాడు.

రెండోవాడూ కాకాకే. మూడోవాడూ అంతే. నేను నమ్మలేక ఒక్కొక్కరి ముఖంలోకి చూస్తున్నాను, వాళ్ళు డబ్బా వైపు చూస్తున్నారు. ప్రతి ఓటుకూ కాకా లేవడం, తువ్వాలు తీయడం, దీవించడం. అంత కష్టపడి లేచే మనిషి ముందు వేరే మాట చెప్పాలంటే గుండె రాయి కావాలి. మనవాళ్ళకు ఆకలైనా వద్దనే మొహమాటం, ఇష్టం లేకపోయినా సరేననే మొహమాటం. ఈ పద్ధతి అమెరికాలో ఎలా నడిచిందో గానీ, మా గదిలో నడవదని ముందే తట్టాల్సింది. ఒక్కరికీ తట్టలేదు.

చివరికి కడప తమ్ముడి వంతు వచ్చింది. కథలో మర్యాద ప్రకారం అతను ఎదుటివాడి పేరే చెప్పాలి.

"నాదీ కాకాకే సార్" అన్నాడు, నవ్వుతూ. ఆ నవ్వులో కొంచెం దిగులు కనబడింది నాకు.

ఇక మిగిలింది కాకా ఓటు. అది లాంఛనమే. మర్యాదకు తమ్మి పేరు చెబితే అయిపోతుంది, అందరూ చప్పట్లు కొడతారు, శనివారం నేనే సూపర్‌వైజర్‌కు చెబుతాను.  కాకా మాత్రం తన ఊరివాడినే చూస్తున్నాడు.

"సారూ, వీని దిక్కు జూడుండ్రి. ఓటేసిన సంది నా మొఖం జూస్తలేడు."

కాకా మంచం కోడు పట్టుకుని లేచాడు.

"నేను బయటికి పోత. తమ్మీ, నువ్వు గూడ రా. సారూ, మల్లొకసారి అడుగుండ్రి."

"ఎందుకు కాకా, గెలిచినవ్ గద" అన్నారు నలుగురూ. తమ్ముడు కూడా వద్దు కాకా అని చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు తెల్వాలె" అన్నాడు కాకా. కోపం లేదు ఆ గొంతులో. నేను తర్వాతి అధ్యాయం కోసం అమెరికా ఆయన్ను వేధించినప్పుడు నా గొంతు ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఇద్దరూ గడప దాటారు. లెక్క పూర్తి కావాలని గడప దగ్గరే వాళ్ళ ఓట్లు అడిగాను. తమ్ముడు ఇందాక చెప్పిందే చెప్పాడు, కాకాకేనని. కాకా నవ్వి, నాది తమ్మికి అన్నాడు. తలుపు వేసేశాను.

 లోపల ఈసారీ మొదట లేచింది కాకా ఊరివాడే.

"కడపాయనకు" అన్నాడు, మెల్లగా.

ఆ తర్వాత ఆగలేదు. డబ్బా దగ్గరికి రావడం కూడా మానేసి, మంచాల మీద నుంచే చెప్పారు. అందరూ కడపాయనకే. ఒకడు మాత్రం చెప్పాక కూర్చోలేక, "కాకా మంచోడే సారూ, గని సూపర్‌వైజర్ ముంగట నోరు తెరువడు" అన్నాడు. అది నేనేదో తీర్పు చెప్పేవాణ్ణన్నట్టు. నాకు మొదటిసారి ఈ గుమాస్తా పని మీద అసహ్యం పుట్టింది. కథ వినిపించకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను. తలుపు తీయక తప్పదు.

బయట ఎండ మొహం మీద కొట్టింది. నీళ్ళ ట్యాంకు పక్కన గోడ వెంబడి సన్నటి నీడ. అందులో ఒక సిమెంటు ఇటుక మీద కాకా కూర్చున్నాడు. నీడ ఇద్దరికి చాలదు, తమ్ముడు ఎండలో నిలబడ్డాడు.

"ఎన్ని సారూ నాకు?"

 అబద్ధం చెప్పొచ్చు. నాలుగనో అయిదనో అంటే ఎవరు కాదంటారు. కానీ తెలుసుకుందామని వచ్చిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఒకటి కాకా."

కాకా నా వైపు చూడలేదు. తలెత్తి తమ్ముడిని చూశాడు. గడప దగ్గర ఆ ఓటు చెప్పినప్పుడు తను పక్కనే ఉన్నాడు కదా. తమ్ముడు తల దించుకున్నాడు.

"నువ్వు ఒక్కనివే ఏసినవురా" అన్నాడు కాకా.

తమ్ముడు చెయ్యి అందించాడు. కాకా అది పట్టుకునే లేచాడు. గదిలోకి వెళ్ళి, తలవంచుకు కూర్చున్న వాళ్ళను దాటుకుంటూ పొయ్యి దగ్గరికి పోయి, "కూర అడుగంటుతున్నదిరా, జూసేటోడు లేడా" అన్నాడు. ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు. కాకా మాత్రం రెండోసారి వడ్డించుకున్నాడు.

తర్వాతి గురువారం అమెరికా ఆయనకు ఇదంతా చెప్పాను. కొత్త అధ్యాయం ఇంకా రాలేదు కాబట్టి ఈసారి కథ నా వంతు. ఆయన టీ కప్పు పట్టుకుని వింటూ, మధ్యలో ఆపి, మొదటిసారి ఎన్ని పడ్డాయి, రెండోసారి ఎన్ని అని అడిగాడు. చెబుతుండగానే నాకూ వెలిగింది. ముత్తాత కూర్చున్న మూడు కచేరీలూ మా గదిలో మొదటి ఓటు లాంటివే. కనబడని జిల్లాలు తలుపు మూశాక జరిగినవి. అక్కడ ఎవరూ ఎవరినీ మోసం చేసి ఉండకపోవచ్చు. అమెరికా వాళ్ళకు కూడా మొహమాటం ఉంటుందని నేనెన్నడూ అనుకోలేదు.

ఆయన టీ కప్పు కింద పెట్టాడు. తర్వాత మొదటి పేజీ తీయమని, అందులో మోసం అన్న మాటను తన పెన్నుతో కొట్టేశాడు. ఆ పేజీ మళ్ళీ టైపు చేయమన్నాడు. మా ముత్తాత చచ్చిపోయేదాకా అదే నమ్మాడు, పక్కింటివాళ్ళతో కూడా మాట్లాడటం మానేశాడు అన్నాడు. పుస్తకం పూర్తయిందో లేదో నాకు తెలియదు. కొన్ని నెలలకు ఆయన ఉద్యోగం మారి వెళ్ళిపోయాడు, చివరి అధ్యాయం నా చేతికి రానేలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే ఒళ్ళుమంటే.

కడప తమ్ముడు ఛార్జ్‌హ్యాండ్ అయ్యాడు. అయిన మొదటి పని, కాకాకు పనిముట్ల స్టోర్ దగ్గర కూర్చునే డ్యూటీ ఇప్పించమని సూపర్‌వైజర్ వెంటపడటం. చల్లనీళ్ళ డ్రమ్ము సాధించిన నోరు అక్కడ పనిచేయలేదు. స్టోర్‌కు మనిషి ఉన్నాడన్నారు. కాకా ఎగ్జిట్ కాగితం ఆఫీసులో నేనే టైపు చేశాను.

సీబ్ ఎయిర్‌పోర్టుకు కంపెనీ వ్యాను వచ్చిన రోజు, తమ్ముడు డ్యూటీ ఆపుకుని వచ్చి, కాకా అట్టపెట్టెకు తాడు బిగిస్తున్నాడు. కాకా నన్ను పక్కకు పిలిచాడు. వీడ్కోలు మాట చెబుతాడనుకున్నాను.

"సారూ, గా అమెరికాయన తాత సంగతి ఏమైంది? మోసమేనా?"

కాదేమో కాకా అని, ఆ మూడు కచేరీల సంగతి, కొట్టేసిన మాట సంగతి చెప్పాను. ఆయన ముత్తాత చివరిదాకా మోసపోయాననే నమ్మాడన్నాను.

"పాపం, గాయినకు తెల్వనే లేదన్నట్టు" అన్నాడు కాకా.

నాకు ఉండబట్టలేదు. "తెలిసి ఏం లాభం కాకా? ఆ రోజు బయటికి పోకపోతే ఉండేవాడివి. ఇంటికి స్లాబు పడేది."

 అట్టపెట్టె దగ్గర వంగి పళ్ళతో తాడు లాగుతున్న తమ్ముడిని చూపించాడు కాకా.

"పడుతుండె సారూ. గని నా మనిషి ఎవడో తెల్వకుంట పోదును."

తువ్వాలు తీసి నాకు దండం పెట్టి, తమ్ముడి భుజం పట్టుకుని వ్యాను ఎక్కాడు. పక్కవాటుగా, మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి.